పండు ఈగకు జోడు దొరకనివ్వొద్దు
ఉపాధి హామీ మామిడి తోటల లబ్ధిదారులకు ఒక పాఠం – కదిరి ప్రాంతం



కదిరి, తలుపుల, నల్లచెరువు, తనకల్లు, గాండ్లపెంట, నంబులపూలకుంట మండలాల్లో ఉపాధి హామీ పథకం కింద గుంతలు తవ్వించుకుని, బిందెలతో నీళ్లు పోసి మామిడి మొక్కలు బతికించుకున్న కుటుంబాల కోసం ఈ పాఠం రాశాం. సొంతంగా తోట పెట్టుకున్నవాళ్లకూ ఇందులో మాట ఒక్కటే. చదవడానికి పావుగంట పడుతుంది. చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పిల్లల చేత చదివించుకోండి.

ఇందులో ఏముంది: పండు ఈగ ఎలా బతుకుతుంది, వాసనతో దాన్ని ఎలా ఆపొచ్చు, ఉచ్చు ఎప్పుడు ఎక్కడ కట్టాలి, ఉచ్చు కట్టినా కాయ ఎందుకు పోతుంది, రాయితీ కోసం ఎవరిని కలవాలి.

1. ముందు నా తప్పు చెప్తాను

రెండేళ్ల కింద ఒక గ్రామసభలో నేనే మైకు పట్టుకుని "ఈ ఉచ్చు చెట్టుకు కడితే చాలు, పండు ఈగ పీడ పోతుంది" అని చెప్పాను. కాగితంలో ఉన్న నాలుగు వాక్యాలు చదివి చెప్పిన మాట అది. ఆ ఏడు జూన్‌లో అదే ఊరికి పోతే ఒక అక్క నన్ను తోటలోకి పిలుచుకుపోయింది. ఉచ్చు డబ్బా విప్పి అరచేతిలో కుమ్మరించింది. దోసెడు ఈగలు. ఆ పక్కనే చెట్టు కింద రాలిన బేనీషా కాయ తీసుకుని కొడవలితో కోసింది. లోపల తెల్లపురుగులు చిందులేస్తున్నాయి.

"సారూ, ఈగలు డబ్బాలో పడినాయి, పురుగులు కాయలో పడినాయి. మరి మీరు చెప్పిందేంది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఉద్యాన శాఖ వాళ్లను అడిగి తెలుసుకున్నాక అర్థమైంది ఏమంటే, ఉచ్చు అబద్ధం కాదు, నేను చెప్పింది సగమే. మిగతా సగం చెప్పడానికే ఈ పాఠం.

2. ఈగను, దాని నెల రోజుల బతుకును తెలుసుకోండి

పండు ఈగ ఇంట్లో తిరిగే ఈగ కాదు. పట్టుపురుగుల పెంపకంలో బాధపెట్టే ఊజీ ఈగా కాదు. ఇది కాస్త సన్నగా, గోధుమ రంగులో, పసుపు చారలతో చూడ్డానికి చిన్న కందిరీగలా ఉంటుంది. ఆడ ఈగకు తోక చివర సూది లాంటి ముల్లు ఉంటుంది. ముదురుతున్న కాయ తొక్కలో ఆ ముల్లు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. గుచ్చిన చోట సూది మొన అంత మచ్చ, కొన్నిసార్లు బొట్టంత జిగురు కనిపిస్తుంది. అంతకు మించి బయట ఏమీ తెలియదు. అందుకే మండీలో కాయ కోసిన రోజు దాకా మనకు నష్టం కనపడదు.

దాని రోజులు ఇట్లా లెక్కేసుకోండి:

గుడ్డు పగలడానికి ఒకటి నుంచి మూడు రోజులు.
పురుగు గుజ్జు తిని పెరగడానికి వారం నుంచి పది రోజులు. ఈలోగా కాయ మెత్తబడి రాలుతుంది.
పురుగు కాయలోంచి దూకి మట్టిలో రెండు మూడు వేళ్ల లోతుకు పోయి, బియ్యపుగింజంత గోధుమరంగు కోశంగా మారుతుంది. అట్లా పది రోజుల దాకా ఉంటుంది.
కోశం పగిలి ఈగ బయటికొస్తుంది. వచ్చిన వెంటనే గుడ్లు పెట్టలేదు. ఒక వారం, పది రోజులు తిని, తిరిగి, వయసుకొచ్చి, జోడు కలిసిన తర్వాతే గుడ్లు పెడుతుంది.

మొత్తం సుమారు నెల, ఎండను బట్టి కొద్ది రోజులు అటూఇటూ. ఒక ఆడ ఈగ బతికినన్నాళ్లు వందల గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు కదిరి లెక్కకు రండి. ఏప్రిల్ రెండో వారంలో గాలికి రాలిన పది పురుగు కాయలు చెట్టు కిందే వదిలేశారనుకుందాం. ఒక్కో కాయలో 50 పురుగులనుకున్నా 500 ఈగలు. అవి వయసుకొచ్చేది మే రెండో మూడో వారంలో. మీ బేనీషా ముదిరేది కూడా అప్పుడే. ఆ తర్వాత తొలకరి జల్లు పడి నేల మెత్తబడితే వాటికి ఇంకా అనుకూలం. అందుకే బేనీషా కంటే వెనక వచ్చే తోతాపురి, నీలం కాయలకు దెబ్బ ఎక్కువ.

పై లెక్కలో రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, ఈగ మట్టిలో పది రోజులు కదలకుండా ఉంటుంది. రెండు, బయటికొచ్చాక జోడు కోసం వారం, పది రోజులు ఆగాలి. మనం దెబ్బ కొట్టాల్సింది ఈ రెండు చోట్లే.

3. వాసనతో పురుగును ఆపడం అంటే ఏమిటి

వేరుశనగ చేలల్లో లింగాకర్షక బుట్టలు మీరు చూసే ఉంటారు. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కోసం కడతారు. ఆ బుట్టలో చిన్న రబ్బరు ఎర ఉంటుంది. దాని వాసన ఆడ పురుగు వాసన. మగ రెక్కలపురుగు ఆడది ఉందనుకుని వచ్చి సంచిలో పడుతుంది.

ఈ రహస్యం మొదట తెలిసింది పట్టుపురుగు దగ్గరే. పట్టుగూళ్లు పెంచే ఇళ్లలో చూసినవాళ్లకు తెలుసు: గూడు చీల్చుకుని ఆడ చిలక బయటికొచ్చి కదలకుండా కూర్చుంటే, మగ చిలకలు రెక్కలు టపటపలాడిస్తూ దాని చుట్టూ తిరుగుతాయి. కంటితో చూసి కాదు, వాసన పట్టి వస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త బూటెనాంట్ సుమారు 20 ఏళ్లు కష్టపడి, 5 లక్షల ఆడ చిలకల నుంచి కొన్ని మిల్లీగ్రాముల ఆ వాసన పదార్థం తీసి, 1959లో అదేమిటో తేల్చారు. ఒక పురుగు వాసన ఎరను మనిషి గుర్తించడం అదే మొదలు.

వాసన ఏమిటో తెలిశాక దాన్ని తయారుచేసి మూడు రకాలుగా వాడడం నేర్చుకున్నారు.

మొదటిది, నిఘా. ఎకరాకు ఒకటి రెండు ఉచ్చులు కట్టి పురుగు వచ్చిందా, ఎంత వచ్చిందా అని లెక్క చూసుకోవడం.

రెండోది, దారి తప్పించడం. తోట నిండా చాలా చోట్ల ఆడ వాసన ఎరలు పెడతారు. ఉచ్చు ఉండదు, సంచి ఉండదు. గాలి అంతా ఆ వాసనే కావడంతో నిజమైన ఆడది ఎక్కడుందో మగదానికి తెలియదు. తిరునాళ్లలో వంద మైకులు ఒకేసారి మోగుతుంటే మన పిల్లోడి పిలుపు వినపడనట్టు అనుకోండి. జోడు కలవదు, గుడ్డు పొదగదు. అమెరికా ఆపిల్ తోటల్లో, యూరప్ ద్రాక్ష తోటల్లో కాయతొలుచు పురుగుల మీద ఈ పద్ధతి పెద్ద ఎత్తున వాడుతున్నారు. మన దేశంలో పత్తి గులాబీ రంగు పురుగు మీద ఇదే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

మూడోది, మగవాటిని ఏరేయడం. తోటలో ఉన్న మగ పురుగుల్ని దాదాపు అన్నింటినీ ఉచ్చుల్లో పట్టేస్తే ఆడవాటికి జోడు దొరకదు. మామిడి పండు ఈగకు మనం వాడేది ఈ మూడో పద్ధతి.

రెండో పద్ధతి మామిడికి ఎందుకు వాడడం లేదు అని అడగొచ్చు. అది ఆడది వాసన వదిలి మగదాన్ని పిలిచే రెక్కలపురుగులకు బాగా పనికొస్తుంది. పండు ఈగలో తీరు వేరు. సాయంత్రం చీకటి పడే వేళ మగ ఈగలే ఆకుల మీద చేరి, వాసన వదిలి ఆడవాటిని పిలుస్తాయి. ఆ వాసన తయారుచేసుకోవడానికి మగ ఈగ కొన్ని మొక్కల్లో ఉండే ఒక నూనె పదార్థాన్ని వెతుక్కుని తింటుంది. దాని పేరు మిథైల్ యూజినాల్. ఆ పదార్థం ఎక్కడున్నా మగ ఈగ ఆగలేదు. దాని బలహీనతే మన ఆయుధం.

4. ఈ ఎర మన దేశంలోనే బయటపడింది

బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవారు. దోమల కోసం వాడే సిట్రొనెల్లా గడ్డి నూనె వాసనకు పండు ఈగలు మూగడం, వచ్చినవన్నీ మగవే కావడం గమనించి 1912లో రాశారు. ఆ తర్వాత 1915 నాటికి అసలు లాగేది మిథైల్ యూజినాల్ అని తేలింది. మన పెరట్లో తులసిలో కూడా ఈ పదార్థం ఉంది. తులసి ఆకు నలిపి పెడితే పండు ఈగలు వాలడం అందుకే. కాకపోతే నలిపిన ఆకు వాసన త్వరగా ఆరిపోతుంది. ఎర బిళ్ల వారాల తరబడి ఉంటుంది.

పసిఫిక్ సముద్రంలో రోటా అనే చిన్న దీవిలో 1960లలో మిథైల్ యూజినాల్, పురుగుమందు కలిపి తడిపిన అట్టముక్కల్ని విమానాల నుంచి చల్లి, ఈ జాతి ఈగను దీవిలో లేకుండా చేశారు. జపాన్ దక్షిణ దీవుల్లో ఏళ్ల తరబడి ఇదే పని చేసి 1986 నాటికి పూర్తిగా తొలగించారు.

ఆ రెండు చోట్లా గెలిచింది ఎందుకో గమనించండి. దీవి మొత్తం ఒకేసారి చేశారు. చుట్టూ సముద్రం కాబట్టి బయటి నుంచి కొత్త ఈగ రాలేదు. మన కదిరిలో తోట చుట్టూ సముద్రం లేదు. గట్టు అవతల ఇంకొకరి తోట ఉంది. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

5. ఉచ్చు నిండినా కాయ ఎందుకు పోయింది

కారణాలు నాలుగు.

ఒకటి: ఉచ్చులో పడేవి మగ ఈగలే. కాయను గుచ్చేది ఆడది. అప్పటికే జోడు కలిసిన ఆడ ఈగ ఉచ్చు వైపు చూడను కూడా చూడదు. అందుకే కాయ ముదిరాక, నష్టం కనపడ్డాక ఉచ్చు కడితే ఆలస్యమైనట్టే. ఆ అక్క తోటలో ఉచ్చులు కట్టింది మే నెల చివర.

రెండు: ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో కలవగలదు. సగం మగవాటిని పట్టినా మిగిలిన సగం పని కానిచ్చేస్తాయి. దాదాపు అన్నీ పోతేనే ఫలితం. మూడెకరాలకు రెండు ఉచ్చులు కడితే అది నిఘాకు సరిపోతుంది, నివారణకు కాదు.

మూడు: పక్క తోటలో జోడు కలిసిన ఆడ ఈగ ఎగిరి మన తోటకు వస్తుంది. మన ఉచ్చు దాన్ని ఆపలేదు.

నాలుగు: చెట్టు కింద రాలిన కాయల్ని ఎవరూ ఏరలేదు. పైన మగ ఈగల్ని పడుతున్నాం, కింద మట్టిలో కొత్త ఈగల్ని పెంచుతున్నాం. బొక్క ఉన్న కుండలో నీళ్లు పోసినట్టు.

ఆ మరుసటి ఏడు ఆ ఊళ్లో గట్టు కలిసిన తోటలవాళ్లు ఏడుగురు మాట్లాడుకుని మార్చి ఆఖరున ఒకే రోజు ఉచ్చులు కట్టారు, రాలిన కాయలు ఏరారు. పురుగు పూర్తిగా పోయిందని నేను చెప్పను. మండీలో కాయ కోసి చూపించమంటే భయపడకుండా చూపించగలిగాం అని ఆ అక్క ఫోన్ చేసి చెప్పింది. నాకు అది చాలు.

6. ఉచ్చు కట్టే పద్ధతి – మెట్టు మెట్టుగా

ఎప్పుడు: కాయ నిమ్మకాయ సైజు దాటేటప్పటికి ఉచ్చు చెట్టు మీద ఉండాలి. కోతకు కనీసం 45 నుంచి 60 రోజుల ముందు అన్నమాట. మన ప్రాంతంలో మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం. కోత పూర్తయ్యేదాకా తీయకండి.

ఎన్ని: నివారణకు ఎకరాకు 8 నుంచి 10. చెట్లు పెద్దవై కొమ్మలు కలిసిపోయిన తోటలో, చిన్న మొక్కలున్న తోటలో సంఖ్య కొంచెం మారుతుంది. మీ ఉద్యాన సహాయకులు తోట చూసి చెప్తారు.

ఎక్కడ: నేల నుంచి 4 నుంచి 6 అడుగుల ఎత్తులో, నీడపట్టు కొమ్మకు. ఎండ నేరుగా తగిలితే ఎర త్వరగా ఆరిపోతుంది. అన్నీ తోట మధ్యలో కట్టొద్దు. గట్ల వెంబడి కొన్ని, లోపల కొన్ని సమంగా సర్దండి.

ఎలా: అంగట్లో దొరికే డబ్బా ఉచ్చు అయితే బిళ్ల లోపల తగిలించి మూత పెట్టడమే. లీటరు నీళ్ల సీసాతో ఇంట్లోనూ చేసుకోవచ్చు. సీసా పైభాగంలో ఎదురెదురుగా వేలు పట్టేంత రంధ్రాలు రెండు మూడు చేసి, మూతలోంచి తీగ దూర్చి, ఎర చెక్క లోపల వేలాడేట్టు కట్టాలి. అడుగున సన్నటి రంధ్రం ఒకటి ఉంటే వాననీళ్లు నిలవవు. వేలాడదీసిన తీగకు కొంచెం గ్రీజు పూయండి. లేకపోతే చీమలు వచ్చి చచ్చిన ఈగల్ని మోసుకుపోతాయి, మనకు లెక్క తెలియదు.

ఎర చెక్క: 5 సెంటీమీటర్ల చదరం, 1 సెంటీమీటరు మందం ఉన్న ప్లైవుడ్ ముక్క. ఆల్కహాల్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ 1 పాలు కలిపిన ద్రావణంలో ఒకటి రెండు రోజులు నానబెడతారు. ఇది మంట అంటుకునే ద్రావణం, పైగా విషం. ఇంట్లో ఒక్కరే కలపకండి. గుంపుగా అందరికీ కలిపి ఉద్యాన సహాయకుల ఎదుట చేసుకోవడం మంచిది. లేదంటే తయారుగా దొరికే బిళ్లే కొనండి.

మార్చడం: ఎరను బట్టి 30 నుంచి 45 రోజులకు కొత్తది పెట్టాలి. ప్యాకెట్ మీద రాసిన గడువు చూడండి. కట్టిన తేదీ డబ్బా మీద బొగ్గుతోనో పెన్నుతోనో రాసి పెట్టుకోండి. ఏప్రిల్ మొదట్లో కట్టి మళ్లీ చూడకపోతే, కాయ ముదిరే మే రెండో పక్షంలో మీ ఉచ్చు ఖాళీ డబ్బా కింద లెక్క.

లెక్క: వారానికి ఒక రోజు పెట్టుకుని డబ్బాలు ఖాళీ చేసి ఈగల్ని లెక్కపెట్టండి. చిన్న నోటుబుక్కులో రాయండి. వారం వారం పెరుగుతుంటే పక్క తోటల నుంచి ఒత్తిడి ఉన్నట్టు. ఉన్నట్టుండి తగ్గిపోతే సంతోషపడే ముందు ఒక డబ్బాలో కొత్త బిళ్ల పెట్టి చూడండి. దాంట్లో ఈగలు పడితే ఈగ తగ్గలేదు, పాత ఎర ఆరిపోయిందని అర్థం.

ఎర పేరు చూసి కొనండి: మామిడి, జామకు మిథైల్ యూజినాల్. కర్బూజ, దోస, కాకర, బీరకు వచ్చే పండు ఈగ వేరే జాతి, దానికి క్యూ లూర్ అనే ఎర. ఒకదాని బదులు ఇంకోటి కడితే నెలంతా కాపలా కాసినా ఆ ఈగ పడదు. వేరుశనగ బుట్టలో మిగిలిన రబ్బరు ఎర మామిడికి అస్సలు పనికిరాదు.

7. రాలిన కాయ – సగం గెలుపు ఇక్కడే

డబ్బు ఖర్చు లేని పని ఇది. అందుకే ఎవరూ చేయరు.

రాలిన కాయల్ని రెండు రోజులకొకసారి ఏరండి. వారం ఆగితే పురుగు కాయ విడిచి మట్టిలోకి దిగిపోతుంది, అప్పుడు ఏరినా లాభం లేదు. ఏరిన కాయల్ని గట్టు మీద కుప్ప పోయొద్దు, పెంటకుప్పలో వేయొద్దు. అక్కడా ఈగ పుడుతుంది. రెండడుగుల గుంత తీసి పూడ్చి పైన మట్టి గట్టిగా తొక్కండి. గుంత తీయడం కష్టమైన రాతినేల అయితే మందపాటి నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేయండి. మన ఎండకు రెండు మూడు రోజుల్లో లోపల పురుగు ఉడికిపోతుంది.

కోత అయ్యాక, మళ్లీ పూతకు ముందు, చెట్టు పాదు చుట్టూ మట్టిని పైపైన తిరగేయండి. కోశాలు బయటపడి ఎండకు చస్తాయి, కోళ్లు, గోరింకలు ఏరుకుతింటాయి. లోతుగా దున్ని వేర్లు తెంచొద్దు.

కూలి దొరకదు అనేవాళ్లు ఒక లెక్క చూడండి. ఇది అర్థం కావడానికి వేసిన లెక్కే. ఎకరాలో 40 చెట్లు, చెట్టుకు 50 కిలోలు అనుకుంటే 2,000 కిలోలు. అందులో నాలుగో వంతు పురుగుపడితే 500 కిలోలు పోయినట్టు. కిలో 20 రూపాయలనుకున్నా 10,000 రూపాయలు. పైగా నాలుగు పురుగు కాయలు దొరికితే మండీలో బండి మొత్తానికి ధర తెగ్గొడతారు. రెండు రోజులకొక గంట ఏరే పని దీని ముందు ఎంత?

8. తోడుగా చేయాల్సిన పనులు

ఎర మందు: ఉచ్చులో ఈగలు పెరుగుతుంటే ఆడ ఈగను కూడా దెబ్బ కొట్టాలి. గుడ్లు పెట్టే ముందు ఆడ ఈగకు తీపి, మాంసకృత్తుల ఆకలి ఉంటుంది. లీటరు నీటికి 100 గ్రాముల బెల్లం, ఉద్యాన సహాయకులు చెప్పిన మందు కలిపి చెట్టు మొదలు మీద, కింది కొమ్మల మీద అక్కడక్కడా పెద్ద చుక్కలుగా చల్లాలి. చెట్టంతా తడపొద్దు, కాయ మీద పడనివ్వొద్దు. కోత దగ్గర పడ్డాక చల్లే ముందు ఉద్యాన సహాయకుల్ని అడగండి.

కవర్లు: కాయ కోడిగుడ్డు సైజుకు వచ్చాక కాగితపు కవరు తొడిగితే ఆడ ఈగ ముల్లు కాయకు తగలదు. తొక్క మచ్చ లేకుండా ఉంటుంది, ధరా వస్తుంది. లేతతోటల్లో చేతికందే ఎత్తులో కాయలున్నవాళ్లకు ఇది సులువు.

కోత: ముదిరిన కాయను చెట్టు మీదే పండనివ్వొద్దు. పండే కొద్దీ వాసనకు ఆడ ఈగలు వస్తాయి. పక్వానికి రాగానే కోసి నీడకు చేర్చండి. కోత తర్వాత కొమ్మల్లో మిగిలిన కాయల్ని కూడా దింపేయండి.

ఈ చిన్న ఈగ వల్ల పెద్ద దేశాల తలుపులు మూసుకున్నాయి. సరుకులో పండు ఈగ పురుగులు దొరికాయని యూరప్ దేశాలు 2014 మే 1 నుంచి మన మామిడి దిగుమతిని ఆపేశాయి. తనిఖీలు, శుద్ధి ఏర్పాట్లు మెరుగుపరిచాక 2015 జనవరిలో ఆ నిషేధం ఎత్తేశారు. జపాన్ అయితే 1986లో మూసిన తలుపు 2006లో గానీ తెరవలేదు. మన కాయ ఓడ ఎక్కకపోయినా, ఎగుమతి ఆగితే ఆ సరుకంతా ఇక్కడి మండీల్లోనే పడి మన ధర దిగుతుంది.

9. జాగ్రత్తలు

ఎర బిళ్ల చేత్తో పట్టుకోకండి, గ్లౌజు లేకపోతే ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కోండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.
బావి, తాగునీటి తొట్టి, పశువుల పాక, వంటింటి దగ్గర ఉచ్చు కట్టొద్దు.
పిల్లలకు అందే కొమ్మకు కట్టొద్దు. ఉచ్చుకు వాడిన సీసా మళ్లీ నీళ్లకు వాడొద్దు.
మిగిలిన బిళ్లలు ప్యాకెట్‌లోనే, చల్లటి చోట, తిండి సామాను లేని గదిలో పెట్టండి.
పాత బిళ్లలు కాలువలో, చెరువులో పడేయకుండా పూడ్చేయండి.

10. పథకం ద్వారా ఎలా పొందాలి

సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014-15 నుంచి అమలులో ఉంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం నిధులు పెడతాయి. పండ్ల తోటల్లో సమగ్ర సస్యరక్షణకు సాయం ఇందులో ఒక భాగం. రాయితీ వాటా, జిల్లాకు ఇన్ని హెక్టార్లు అనే లక్ష్యం ఆ ఏటి కార్యాచరణ ప్రణాళికను బట్టి ఉంటుంది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే అడిగి పెట్టుకోండి. ఏప్రిల్‌లో అడిగితే సరుకు వచ్చేసరికి కాయ ముదిరిపోతుంది.

ఎవరిని కలవాలి: మీ ఊరి రైతు సేవా కేంద్రంలో (మనం ఇంకా ఆర్బీకే అనే అంటున్నాం) గ్రామ ఉద్యాన సహాయకుల్ని.

ఏం తీసుకుపోవాలి: ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు, ఫోన్ నంబరు. ఉపాధి హామీ తోట అయితే జాబ్ కార్డు కూడా.

ముందే చూసుకోవాల్సింది: మీ మామిడి తోట ఈ-పంటలో నమోదైందా లేదా. ఉపాధి హామీలో పెట్టిన తోటలు చాలా వరకు కాగితాల్లో ఇంకా మెట్టభూమి గానే ఉండిపోతున్నాయి. తోట అని రాయించుకోండి. రాయితీకే కాదు, రేపు గాలివానకు నష్టం జరిగినా ఆ నమోదే మీకు సాక్ష్యం.

ఫోన్లో సలహా కావాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

11. మీరు అడిగే ప్రశ్నలు

"ఉచ్చు కడితే పక్క తోట ఈగలన్నీ నా తోటకు రావా?"
కొన్ని మగ ఈగలు వస్తాయి, ఉచ్చులో పడతాయి. మగ ఈగ కాయను గుచ్చదు. అయినా మీరొక్కరే కట్టుకునే కంటే పక్కవాళ్లనూ కలుపుకుంటే ఇద్దరికీ లాభం.

"నా చెట్లు ఇంకా చిన్నవి, ఈ ఏడే మొదటి కాపు. ఇప్పుడే కావాలా?"
కావాలి. కాయ తక్కువైనా రాలిన కాయ ఏరే అలవాటు మొదటి కాపు నుంచే మొదలు కావాలి. ఉచ్చులు కొన్ని సరిపోతాయి.

"తేనెటీగలు చస్తాయా?"
ఈ వాసన తేనెటీగను పిలిచేది కాదు. కాకపోతే బెల్లం మందును పూత మీద, పూలున్న మొక్కల మీద చల్లొద్దు.

"మాది ప్రకృతి సేద్యం, మందు బిళ్ల కట్టొచ్చా?"
మందు కలపని మిథైల్ యూజినాల్ ఎర పెట్టి, డబ్బా అడుగున సబ్బునీళ్లు పోస్తే ఈగలు అందులో పడి చస్తాయి. నీళ్లు ఆరిపోకుండా చూసుకోవాలి. రాలిన కాయ ఏరడం, కవర్లు తొడగడం మీ సేద్యానికి సరిగ్గా సరిపోయే పనులు.

"చుట్టుపక్కల వాళ్లు వినకపోతే?"
గట్టు కలిసిన నలుగురితో మొదలుపెట్టండి. మీ గట్టు వైపు ఉచ్చులు ఎక్కువ కట్టండి, కాయలకు కవర్లు తొడగండి. వాళ్ల తోటలో రాలిన కాయలు ఏరుకుంటామని అడిగి మీరే ఏరండి. ఒక సీజను చూశాక వాళ్లే వస్తారు.

12. గోడకు అంటించుకోవడానికి

జనవరి–ఫిబ్రవరి: రైతు సేవా కేంద్రంలో పేరు ఇవ్వండి. ఈ-పంట నమోదు చూసుకోండి.
మార్చి: గట్టు కలిసిన తోటలవాళ్లు కూర్చుని ఒక తేదీ అనుకోండి. ఆఖరి వారంలో అందరూ ఒకే రోజు ఉచ్చులు కట్టండి.
ఏప్రిల్: రెండు రోజులకొకసారి రాలిన కాయలు ఏరండి. వారానికొకసారి ఈగల్ని లెక్కపెట్టండి. కవర్లు తొడగండి.
మే: ఎర మార్చండి. ఈగలు పెరిగితే బెల్లం మందు. కాయ పక్వానికి రాగానే కోయండి.
జూన్–జూలై: తోతాపురి, నీలం కోత అయ్యేదాకా ఉచ్చులు తీయొద్దు. మిగిలిన కాయలు దింపండి. పాదులు తిరగేయండి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మనది. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా నిలబడుతుందని నమ్మి పెట్టుకున్నారు ఈ మామిడి మానుల్ని. మొదటి మూడేళ్లు ఆ మొక్కకు పోసిన ప్రతి బిందె నీళ్లూ ఆడవాళ్లు నడుం మీద మోసినవే. అంత కష్టం కాయగా మారి చేతికొచ్చే నెలలో ఒక ఈగ ఎత్తుకుపోకూడదు.

ఈ పాఠం ఉపయోగపడితే మీ గట్టు పక్క రైతు ఫోన్‌కు పంపండి. ముందుగా వాళ్లకే పంపండి. వాళ్ల తోట బాగుంటేనే మీ తోట బాగుంటుంది.